గిటారుకో తోడు గొంతు

గుడివాడ దగ్గర ఓ పెళ్లి. రాత్రి తొమ్మిదిన్నర. భోజనాలు ఓ పక్క సాగుతుంటే, స్టేజీ మీద ఆర్కెస్ట్రా వాళ్లు పాత సినిమా పాటలు అందుకున్నారు. గిటారు వాయించేది మా బాబాయి కొడుకు. ఆ రోజు వాడి కాళ్ల దగ్గర కొత్త పెడల్ ఉంది. సీజనంతా ప్రోగ్రాముల మీద వచ్చిన డబ్బు కూడబెట్టి కొన్న స్టీరియో కోరస్ పెడల్ అది. అంతకుముందు రోజు ఇంట్లో రెండు యాంప్లిఫయర్లకు తగిలించి వినిపిస్తే, గది గోడలు వెనక్కి జరిగినట్టు అనిపించింది నాకు.

తీరా పెళ్లిలో దాన్ని తొక్కితే... ఏమీ లేదు! ఎర్ర లైటు వెలిగింది. గిటారు మాత్రం ఎప్పట్లాగే పొడిపొడిగా మోగింది. మళ్లీ తొక్కాడు. అదే పొడి. పాట అయ్యాక కిందికి దిగి వచ్చి, ‘పాడైపోయింది అక్కా’ అన్నాడు, ఏడుపు మొహంతో. మర్నాడు ఇంట్లో పెట్టి చూస్తే నిక్షేపంలా పనిచేసింది.

దయ్యం పట్టిందా? లేదు. ఆ రాత్రి జరిగిందేమిటో తెలియాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏముందో చూడాలి. కోరస్ పెడల్ కొనాలనుకుంటున్న వాళ్లకూ అదే మొదటి మెట్టు.

రెండు సన్నాయిల కిటుకు

పెళ్లి మేళంలో ఇద్దరు సన్నాయి విద్వాంసులు పక్కపక్కనే కూర్చుని ఒకే కీర్తన వాయించడం వినే ఉంటారు. ఇద్దరిదీ ఒకే స్వరం. అయినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒకరు రవ్వంత ముందు, ఇంకొకరు రవ్వంత వెనక. శ్రుతిలోనూ అంతే. ఆ తేడా వల్లే నాదం నిండుగా, అలలు అలలుగా వినిపిస్తుంది. ఒక్కరే ఎంత గట్టిగా ఊదినా ఆ నిండుదనం రాదు.

కోరస్ పెడల్ చేసేది సరిగ్గా ఇదే. గిటారు ధ్వనికి ఒక నకలు తీస్తుంది. దాన్ని సెకనులో యాభయ్యో వంతు, అటూ ఇటుగా ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కూడా స్థిరంగా ఉంచకుండా నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆలస్యం మారుతుంటే నకలు శ్రుతి కూడా కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. మనల్ని దాటి వెళ్లే రైలు కూత స్థాయి మారినట్టన్నమాట. ఆ ఊగే నకలుని అసలు ధ్వనితో కలిపితే ఒక గిటారు రెండు గిటార్లవుతుంది. ఊపు ఎంత వేగంగా ఉండాలో చెప్పే నాబ్ ‘రేట్’. ఎంత లోతుగా ఉండాలో చెప్పేది ‘డెప్త్’.

ఆలస్యం ఎలా చేస్తుందనేదీ భలే సంగతే. స్లాబు వేసే రోజు కూలీలు వరసలో నిలబడి గమేళాలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందిస్తారు చూడండి. 1969లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ కంపెనీ ఇంజనీర్లు ఈ పద్ధతిలోనే పనిచేసే సర్క్యూట్ కనిపెట్టారు. పేరు కూడా ‘బకెట్ బ్రిగేడ్’ అనే పెట్టారు. గిటారు సిగ్నల్‌ని చిన్న చిన్న విద్యుత్ మోతాదులుగా చేసి, వరసగా ఉన్న వందలాది కెపాసిటర్ల గుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి అందిస్తూ పోతుంది. అందించే వేగం తగ్గితే ఆలస్యం పెరుగుతుంది. అనలాగ్ కోరస్ అంటే ఇదే. ఇన్ని చేతులు మారేసరికి ధ్వనిలోని పదును కాస్త అరిగి మెత్తబడుతుంది. అభిమానులు మురిసిపోయే ‘వెచ్చదనం’ అదే. డిజిటల్ పెడల్‌లో ఈ పని చిప్‌లో లెక్కలతో జరుగుతుంది. ధ్వని మరింత స్వచ్ఛంగా ఉంటుంది. ఏది గొప్పదన్న వాదన ఎప్పటికీ తెమలదు. పెళ్లి పందిట్లో కీబోర్డు, డ్రమ్స్ మధ్య ఆ తేడా కనిపెట్టగల చెవి నాకైతే లేదు.

ఇదంతా మొదలైంది జపాన్‌లో. రోలాండ్ కంపెనీ 1975లో ‘జేసీ-120’ అనే యాంప్లిఫయర్ తెచ్చింది. అందులో 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఒకదాంట్లోంచి అసలు ధ్వని, రెండోదాంట్లోంచి ఊగే నకలు. రెండూ కలిసేది వైర్లలో కాదు, గాలిలో! మరుసటి ఏడు, 1976లో, అదే కోరస్ సర్క్యూట్‌ను విడిగా పెట్టెలో పెట్టి బాస్ పేరుతో ‘సీఈ-1’గా అమ్మారు. కరెంటు ప్లగ్గుతో నడిచే పెద్ద పెట్టె అది. 1979లో వచ్చిన నీలం రంగు ‘సీఈ-2’ మాత్రం అరచేతంత. రెండే నాబ్‌లు. ఎనభైల నాటి పాప్ పాటల్లో గిటారు గాజు గ్లాసుల్లా మెరిసిపోయిందంటే ఇలాంటి పెట్టెల చలవే.

పందిట్లో ఏం జరిగింది?

‘గాలిలో కలవడం’ అన్న మాట దగ్గరే ఉంది మా వాడి కష్టం.

కొన్ని స్టీరియో పెడళ్లలో ఒక అవుట్‌పుట్‌లో అసలు ధ్వనికి నకలుని కలుపుతారు. రెండో దాంట్లో అదే నకలుని తలకిందులు చేసి కలుపుతారు. రెండు స్పీకర్ల మధ్య కూర్చుని వింటే అద్భుతం. కానీ పందిళ్లలో సౌండు సాధారణంగా మోనో. కుడి బాక్సులోంచీ ఎడమ బాక్సులోంచీ వచ్చేది ఒకటే. సౌండు కుర్రాడు మా వాడి రెండు వైర్లనూ తీసుకుని మిక్సర్‌లో కలిపేశాడు. ఇక చూస్కోండి... ఒక నకలు కూడిక, ఇంకోటి తీసివేత. రెండూ కొట్టుకుపోయి అసలు గిటారు ఒక్కటే మిగిలింది! రెండో వైరు పీకేసి ఉంటే ఆ రాత్రే పెడల్ పలికేది. అమ్మిన వాళ్లు ఆ ముక్క చెప్పలేదు. వెనక్కీ తీసుకోలేదు.

అందుకే పెడల్ కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది?’ కాదు. ‘నా గిటారు చివరికి ఎక్కడి నుంచి వినిపిస్తుంది?’ ఒకే యాంప్లిఫయరా, రెండా? పందిట్లో మోనో సౌండా? ఇంట్లో హెడ్‌ఫోన్సా? రెండు స్పీకర్లు లేనివాళ్లు స్టీరియో అన్న మాట కోసం అదనంగా పెట్టే డబ్బు దండగే.

ఈసారి సొంత గిటారుతో

రెండోసారి హైదరాబాద్‌లో ఓ దుకాణానికి వాడితో నేనూ వెళ్లాను. ఈసారి సొంత గిటారు భుజాన వేసుకొచ్చాడు. దుకాణంలో ఉన్న ఖరీదైన గిటారు మీద ప్రతి పెడలూ బాగానే ఉంటుంది మరి!

మొదట తొక్కింది ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల ‘స్మాల్ క్లోన్’. ఒక నాబ్, ఒక స్విచ్, అంతే. నిర్వాణా బృందం 1991 నాటి ‘కమ్ యాజ్ యూ ఆర్’ పాటలో కర్ట్ కోబేన్ గిటారు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుందే, అది దీని పనే. ఒక్కో తీగా మీటుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. కానీ మా వాడు గబగబా రిథమ్ వాయించేసరికి అంతా ముద్దముద్దగా అయిపోయింది. ‘మన పాటలకు ఎక్కువక్కా’ అని పక్కన పెట్టేశాడు.

2016లో వచ్చిన ‘సీఈ-2డబ్ల్యూ’లో సీఈ-1, సీఈ-2 ధ్వనులు రెండూ ఉన్నాయి. ధర వినగానే ఇద్దరం మర్యాదగా దాన్ని షెల్ఫులో పెట్టేశాం. చివరికి తేలింది బాస్ ‘సీహెచ్-1’. 1989 నుంచీ ఉన్న మోడల్. నాలుగు నాబ్‌లు. నకలు ఎంత పాళ్లలో కలవాలో చెప్పే ‘ఎఫెక్ట్ లెవెల్’ కోసమే దాన్ని ఎంచుకున్నాడు. సౌండు కుర్రాడు వంద అడుగుల దూరంలో ఉంటాడు. పాట మధ్యలో వాడికి సైగలు చేసేకన్నా వంగి నాబ్ తిప్పుకోవడం నయం కదా! అన్నట్టు, దీనికీ రెండు అవుట్‌పుట్‌లున్నాయి. డబ్బా తెరిచిన రోజే రెండో దానికి టేపు అంటించేశాడు.

ఆ మధ్యాహ్నం వాణ్ని చూసి నేర్చుకున్న కిటుకులు కొన్ని. పెడల్ ఆన్ చేసి తీగలను అరచేత్తో మూసి వినాలి. కొన్ని అనలాగ్ పెడళ్లు నిశ్శబ్దంలో ‘సుయ్...సుయ్’మని ఊపిరి తీస్తాయి. ఆఫ్ చేసినప్పుడు గిటారు మందగిస్తోందేమో చూడాలి. ఫోన్‌లో పాట పెట్టి దాంతో కలిపి వాయించాలి. ఒంటరిగా విన్నప్పుడు మధురంగా ఉన్న డెప్త్, పాటలో కలిస్తే అపశ్రుతిలా తోస్తుంది. మా వాడు దాన్ని సగానికన్నా కిందే ఉంచుతాడు.

సెకండ్‌హ్యాండ్‌లో పాతవి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇప్పటి పెడళ్లు చాలావరకు 9 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. పాత బాస్ పెడళ్లలో కొన్నింటి అడుగున ‘ఏసీఏ’ అని రాసి ఉంటుంది. వాటికి మామూలు 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైటు మసగ్గా వెలిగి నీరసంగా పలుకుతాయి. పెడల్ పాడైందని బేరం తెగ్గొట్టేముందు ఆ మూడక్షరాలు చూసుకోండి. బ్యాటరీతో వాడేవాళ్లు వాయించడం అయ్యాక ఇన్‌పుట్ వైరు పీకేయాలి. లేదంటే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఫిబ్రవరిలో తెనాలి పెళ్లిలో కొత్త పెడల్ మోగింది. పాట అయ్యాక కీబోర్డాయన వెనక్కి తిరిగి ‘గిటారు మార్చావేంట్రా?’ అని అడిగాడట. పాత పెడల్ ఇంట్లోనే ఉంది. అమ్మేయరా అంటే వినడు. రాత్రిళ్లు రెండు యాంప్లిఫయర్లకు తగిలించి, వాటి మధ్య పీట వేసుకుని కూర్చుంటాడు.