యోర్దాను ఒడ్డున అడిగిన ప్రశ్న

డిసెంబరు మొదటి వారానికల్లా విజయవాడ, గుంటూరు, సికింద్రాబాద్ వీధుల్లో కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీలు లేస్తాయి. కాలేజీల్లో, ఆఫీసుల్లో, పార్టీ కార్యాలయాల్లో కేకులు కోసేస్తారు. అదే వారం ఆదివారం పొద్దున ఏ కతోలిక గుడికి వెళ్లినా లోపల ఆ సందడి కనిపించదు. గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుని పూజ చేస్తుంటారు. మామూలు ఆదివారాల్లో అందరూ పాడే మహిమ గీతం ఆగిపోతుంది. చాలా గుళ్లలో పీఠం దగ్గర పచ్చటి ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెడతారు గానీ, వెలిగేది ఒకటో రెండో.

కతోలికులు దీన్ని ఆగమన కాలం అంటారు. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో మొదలై డిసెంబరు 24 సాయంత్రంతో ముగుస్తుంది. ఆదివారాలు ఎప్పుడూ నాలుగే. రోజులు మాత్రం ఏడాదిని బట్టి 22 నుంచి 28 దాకా ఉంటాయి. చర్చి పంచాంగంలో కొత్త సంవత్సరం కూడా ఈ మొదటి ఆదివారంతోనే మొదలవుతుంది. నిజానికి ఇది పండగ కాదు, పండగకు మనిషి సిద్ధపడే కాలం. మన ఊళ్లలో సెమీ క్రిస్మస్ ఆ తేడాను దాదాపు చెరిపేసింది.

రెండో, మూడో ఆదివారాల సువార్త పఠనాల్లో బాలయేసు ఎక్కడా ఉండడు. ఒంటె రోమాల బట్ట కట్టుకుని, మిడతలూ అడవి తేనే తిని బతికే స్నాపక యోహాను వస్తాడు. యోర్దాను నదిలో జనానికి జ్ఞానస్నానమిచ్చి, మారుమనస్సు పొందమని గద్దించే మనిషి. మూడేళ్లకోసారి మూడో ఆదివారం లూకా సువార్త 3వ అధ్యాయం చదువుతారు. 2024లో చదివారు, మళ్లీ 2027లో వస్తుంది. అందులో జనం ఆయన్ని అడుగుతారు: సరే, ఇప్పుడు మేమేం చేయాలి?

ఉపవాసాలో, మొక్కులో, బలులో చెబుతాడనుకుంటాం. ఆయన అవేవీ ఎత్తడు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలంటాడు, తిండి విషయంలోనూ అంతే. పన్ను వసూలు చేసేవాళ్లు అడిగితే, నిర్ణయించిన దానికంటే ఎక్కువ గుంజొద్దంటాడు. సిపాయిలు అడిగితే, ఎవరినీ బెదిరించి డబ్బు లాగొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అంటాడు. ఉద్యోగాలు మానేసి అడవికి రమ్మని ఎవరికీ చెప్పలేదు. చేసే పనిలోనే న్యాయంగా ఉండమన్నాడు. అది రాజీనామా కంటే కష్టమని ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ అంగీ మాటను అక్షరాలా ఆచరించిన మనిషి కథ ఆగమన కాలం చరిత్రలోనే ఉంది. నాలుగో శతాబ్దంలో, నేటి హంగరీ గడ్డమీద పుట్టిన మార్టిన్ రోమన్ అశ్వికదళంలో సిపాయి. అప్పటికింకా జ్ఞానస్నానం పొందలేదు. దానికి సిద్ధపడుతున్న అభ్యర్థి మాత్రమే. గడ్డకట్టే చలికాలంలో, ఫ్రాన్స్‌లోని అమియాఁ పట్టణ ద్వారం దగ్గర ఒంటిమీద బట్టలేని బిచ్చగాడు ఎదురయ్యాడు. మార్టిన్ దగ్గర పైవస్త్రం తప్ప ఇవ్వడానికేమీ లేదు. కత్తి దూసి దాన్ని రెండుగా కోసి, సగం అతనికిచ్చాడు. మిగిలిన ముక్క కప్పుకున్న సిపాయిని చూసి దారినపోయేవాళ్లు కొందరు నవ్వారట. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం గుడ్డ కప్పుకుని కనిపించాడని, ఇంకా జ్ఞానస్నానమైనా పొందని మార్టిన్ తనకు బట్ట ఇచ్చాడని చెప్పాడని, మార్టిన్‌ను ఎరిగిన సుల్పీసియస్ సెవెరస్ ఆయన జీవితచరిత్రలో రాశాడు.

మార్టిన్ తర్వాత తూర్ పట్టణానికి బిషప్ అయ్యాడు, 397లో చనిపోయాడు. ఆయన పండగ నవంబరు 11. అయిదో శతాబ్దంలో అదే తూర్‌కు బిషప్‌గా ఉన్న పెర్పెటువస్ ఆ పండగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసముండాలని నియమం పెట్టాడు. నేటి ఆగమన కాలానికి పాత మూలాల్లో అదొకటి. ఆనాటి ఉపవాసం ఇప్పుడు లేదు, ఊదారంగు మాత్రం మిగిలింది.

కతోలికుల జ్ఞానస్నానంలోనూ ఒక బట్ట ఉంటుంది. బిడ్డను తెచ్చిన తల్లిదండ్రులను గురువులు ముందు పేరు అడుగుతారు. బిడ్డ నుదుటిపై సిలువ గుర్తు వేస్తారు. తండ్రి, కుమార, పవిత్రాత్మల నామాన మూడుసార్లు నీళ్లు పోస్తారు. నడినెత్తిన పరిమళ తైలం పూస్తారు. తర్వాత తెల్లబట్ట కప్పి, పాస్క వత్తి (ఈస్టర్ కొవ్వొత్తి) నుంచి వెలిగించిన కొవ్వొత్తిని పెద్దల చేతికిస్తారు. ప్రాణాపాయంలో అయితే గురువే రానక్కర్లేదు. ఆస్పత్రి నర్సయినా, జ్ఞానస్నానం లేని మనిషయినా సరే, చర్చి ఉద్దేశంతో నీళ్లు పోసి ఆ మాటలు పలికితే జ్ఞానస్నానం చెల్లుతుంది.

జ్ఞానతల్లి, జ్ఞానతండ్రుల నియమాలు మాత్రం కాస్త గట్టివే. మామూలుగా 16 ఏళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి, విశ్వాసానికి తగ్గట్టు బతుకుతుండాలి. కన్న తల్లిదండ్రులు పనికిరారు. ఒకరున్నా చాలు, ఇద్దరైతే ఒక ఆడ, ఒక మగ. మన ఇళ్లలో ఈ ఎంపిక తరచూ బంధువుల మర్యాదల లెక్కగా మారుతుంది. మేనమామను అడగాలా, బాబాయిని అడగాలా, ఎవరు అలుగుతారు, బట్టలూ గొలుసూ ఎవరు పెడతారు? చర్చి దృష్టిలో ఆ మనిషి పని జ్ఞానస్నానం రోజుతో అయిపోదు. బిడ్డ విశ్వాసంలో ఎదిగేదాకా తోడు నిలవాలి.

గుళ్లో వెలిగే ఆ కొవ్వొత్తుల వలయం సంగతీ చెప్పుకోవాలి. అది కతోలికులు పెట్టిన ఆచారం కాదు. హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టర్ 1833లో దిక్కులేని పేద పిల్లలకు ఆశ్రమం పెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ వేధిస్తుంటే, 1839లో పెద్ద చెక్క చక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు పెట్టించాడు. కతోలిక గుళ్లకు అది ఇరవయ్యో శతాబ్దంలో గానీ చేరలేదు. ఇప్పుడు చాలామంది అది తమ పాత సంప్రదాయమే అనుకుంటారు.

అదే 1833లో పారిస్‌లో ఇరవయ్యేళ్ల విద్యార్థి ఫ్రెడెరిక్ ఒజానాం, మరికొందరు స్నేహితులు పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. ఏ ఇళ్లకు వెళ్లాలో, ఎలా మసలుకోవాలో వాళ్లకు చూపించింది మురికివాడలో పనిచేసే కన్యస్త్రీ రోజలీ రెందూ. అలా పుట్టిందే విన్సెంట్ డి పాల్ సభ. మన విచారణల్లోనూ (పారిష్‌లలోనూ) ఇది పనిచేస్తోంది. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్లి, కూర్చుని మాట్లాడటం వీళ్ల పద్ధతి. సమావేశంలో సంచీ తిప్పుతారు. ఎవరెంత వేశారో పక్కవాడికి తెలియకూడదు. దాతల పేర్లు మైకులో చదివించుకునే మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

తెలుగునాట కతోలికుల పేరు చెప్పగానే గుర్తొచ్చే గుణదల చరిత్రలోనూ అనాథల సంరక్షణ ఉంది. 1924లో అక్కడి అనాథ బాలల సంస్థ బాధ్యత చూస్తున్న ఇటలీ మిషనరీ ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహం ప్రతిష్ఠించారు. ఫిబ్రవరి ఉత్సవాలకు ఇప్పుడు అన్ని మతాలవాళ్లూ వస్తారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు.

మేలు చేయడమంటే ఇవ్వడం ఒక్కటేనా, న్యాయం జరగడం కూడానా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. తెలుగు కతోలికుల్లో ఎక్కువమంది దళితులు. జ్ఞానస్నానం అందరినీ ఒకే కుటుంబం చేస్తుందని చర్చి బోధిస్తుంది. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి వస్తాడు. ఆ హోదా ఇవ్వాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. చర్చి లోపల కూడా కులం మాయమైపోలేదు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యేదాకా ఆ స్థాయిలో ఒక్క దళితుడూ లేడు. ఒక్క తెలుగువాడూ లేడు.

ఇక ఆగమన కాలం తర్వాత వచ్చే క్రిస్మస్ కాలం డిసెంబరు 25తో ముగిసిపోదు. జనవరిలో యోర్దాను దగ్గరే, క్రీస్తు జ్ఞానస్నాన పండగతో ముగుస్తుంది. పోప్ ఫ్రాన్సిస్ జనాన్ని తరచూ ఒకటే అడిగేవారు: మీ జ్ఞానస్నానం తేదీ మీకు తెలుసా? తెలియకపోతే ఇంటికెళ్లి కనుక్కోమనేవారు. పుట్టినరోజు తెలిసినంతగా ఆ తేదీ చాలామందికి తెలియదు. జ్ఞానస్నానం పొందిన విచారణలో రిజిస్టరు ఉంటుంది. అందులో తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానమిచ్చిన గురువు పేరు ఉంటాయి. పెళ్లయితే ఆ సంగతి కూడా అక్కడే పక్కన రాస్తారు. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రుల పేర్లూ అదే వరసలో ఉంటాయి. ఇన్నేళ్లుగా పలకరించని ఆ పెద్దమనిషి ఎవరో కొందరికి అక్కడే తెలుస్తుంది.