దరువు వేసేవాడి వృత్తి

మన కథానికల్లో డప్పు చాలాచోట్ల మోగుతుంది. జాతర వర్ణనలో మోగుతుంది, చావు సన్నివేశంలో మోగుతుంది, సమ్మె ఊరేగింపులో మరీ గట్టిగా మోగుతుంది. కాని ఆ మోత ఆగిన తరవాత డప్పు కొట్టినవాడు ఎంత పట్టుకుని ఇంటికి పోయాడో, ఎవరితో బేరమాడాడో, రేపు పిలుపు రాకపోతే ఏం తింటాడో రాసినవాళ్ళు తక్కువ. వాద్యాన్ని ప్రతీకగా వాడుకున్నంత తేలిగ్గా వాద్యకారుణ్ణి పాత్రగా మలచలేకపోయాం. ఇది రచయితల అశ్రద్ధ ఒక్కటే అనుకోను. 'వృత్తి' అనే మాటలోనే ఒక చిక్కుంది.

కులవృత్తి అన్నప్పుడు వృత్తి అంటే పుట్టుకతో మీదపడేది. వృత్తి కళాకారుడు అన్నప్పుడు వృత్తి అంటే మనిషి ఎంచుకుని, నేర్చుకుని, వెల చెప్పి చేసేది. మొదటిదాంట్లో కాదనే హక్కు లేదు. రెండోదానికి ఆ హక్కే ప్రాణం. ఒకే మాట రెండింటికీ సరిపోవడంతో మనం వీటి మధ్య ఉన్న అగాధాన్ని చూడకుండానే దాటిపోతున్నాం. పల్నాటి డప్పు కళాకారుడి బతుకు ఈ అగాధం మీదనే సాగింది.

ముందు వాడు పని ఎట్లా నేర్చుకుంటాడో చూద్దాం. డప్పునే కొన్నిచోట్ల పలక అంటారు. మా బడిలోనూ పలకే, మాదిగపల్లెలోనూ పలకే. రెండో పలక మీద చదువుకు అక్షరాభ్యాసం ఉండదు. గుండ్రటి కర్ర చట్రానికి మేకతోలు బిగించి, చింతగింజల అంబలితో అంటించి ఆరబెడతారు. కొట్టబోయే ముందు మంట దగ్గర కాచాలి. కాక తక్కువైతే మోత రాదు, ఎక్కువైతే తోలు చిట్లుతుంది. పిల్లవాడికి మొదట అప్పగించే పని ఈ కాచడమే. గడ్డి పోగుచేసి మంట వేస్తూ, తోలును వేలితో మీటి వింటూ వాడు శ్రుతి నేర్చుకుంటాడు. తరవాత పెద్దల వెనక నిలబడి, కుడిచేతి పొట్టి చిర్రతో నడక పట్టుకుంటాడు. ఎడమచేతి సన్నని పుల్లతో ఆ నడకకు పలుకులు కూర్చడం చాలా ఆలస్యంగా వస్తుంది. పెళ్ళి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, దండోరా దెబ్బ వేరు. దూరాన పొలంలో ఉన్నవాడు ఆ మోత విని ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పగలడు. ఇంత సూక్ష్మమైన భాష నేర్చినవాడికి పాత ఊరి కట్టుబాటులో దక్కింది కళ్ళంలో కొలిచే మేర గింజలు, పండగనాడు పెట్టిన తిండి. అది వేతనం కాదు. వేతనమైతే ఎంతని అడగవచ్చు.

ఇక్కడ ఒక్కసారి అమెరికా నీగ్రో సంగీతం వైపు చూడడం ఉపయోగం. నీగ్రో అనే మాటను వాళ్ళిప్పుడు విడిచిపెట్టారు, నల్లజాతి అందాం. 1739లో దక్షిణ కెరొలినాలోని స్టోనో దగ్గర బానిసలు తిరగబడి డప్పులు మోగిస్తూ కదిలారు. మరుసటి ఏడాది, 1740లో, బానిసలు డోళ్ళు, కొమ్ములు వాడకూడదని అక్కడ చట్టం చేశారు. వాళ్ళకు డప్పు పట్టుకోవడం నేరం. మన ఊళ్ళలో పట్టుకోననడం నేరం. రెండుచోట్లా యజమానికి తెలిసిన విషయం ఒకటే: ఆ వాద్యం ఎవరి చేతిలో ఎవరి కోసం మోగుతుందన్నది చిన్న సంగతి కాదు.

ఆ జాతి వారసుల బ్లూస్ సంగీతం ఇరవయ్యో శతాబ్దంలో చికాగో వంటి నగరాల్లో కూలి పని చేసే జనం మధ్య పెరిగింది. అక్కడ డ్రమ్ము వాయించడం ఒక ఉద్యోగం. మడ్డీ వాటర్స్ బృందంలో వాయించిన విల్లీ స్మిత్ ఆర్కన్సా రాష్ట్రంలోని హెలెనాలో 1936లో పుట్టి, చికాగో చేరినవాడు. 1960ల మధ్యలో వాయిద్యం కూడు పెట్టక టాక్సీ తోలాడు. 1968లో మళ్ళీ బృందంలో చేరి, 1980లో డబ్బు దగ్గర పేచీ వచ్చి తోటి వాద్యకారులతో కలిసి బయటికి వచ్చేసి వేరే బృందం కట్టాడు. ఇందులో నన్ను ఆకర్షించింది ఆయన కీర్తి కాదు, ఆ బయటికి రావడం. టాక్సీ తోలిననాడు ఆయన కులధర్మం తప్పాడని ఎవరూ అనలేదు. బృందం విడిచిననాడు ఆయన ఇంటికి నీళ్ళు బంద్ చేయలేదు. నల్లవాడికి ఆ దేశంలో అవమానాలు తక్కువని కాదు నేను చెప్పేది. ఆ అవమానాల మధ్య కూడా డ్రమ్ము కర్రలు కింద పెట్టే స్వేచ్ఛ ఉంది గనకనే అది వృత్తి అయింది.

మనదగ్గర కర్రలు కింద పెట్టిన చరిత్ర లేదా? ఉంది, అదీ మన పక్కనే. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లఫ్ దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న మాదిగలు గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టమని తెగేసి చెప్పారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఆదివారం పని చేయమన్నారు. ఊరి పెద్దలు వాళ్ళను వేధించారు. మనం దీన్ని మతం మార్పిడి అధ్యాయంలో చదువుకుంటాం. పని నిరాకరణ చరిత్రగా చదవాల్సిన అవసరమూ ఉంది. తాతలు కింద పెట్టిన డప్పును మనవలు తిరిగి ఎత్తుకున్నారు, కాని ఊరి కోసం కాదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తనకు తాను దండోరా అని పేరు పెట్టుకుంది. ఊరి ఆజ్ఞను చాటిన మోత తన హక్కును చాటే మోతగా మారింది. వదలడమూ ఎత్తుకోవడమూ రెండూ ఒకే స్వేచ్ఛకు చెందినవని నా అభిప్రాయం.

ఈ స్వేచ్ఛ ఇంకా పూర్తిగా రాలేదు. మా బడిలో చదివి, మధ్యలో మానేసి, మేళంలో చేరిన కుర్రవాణ్ణి బేరం సంగతి అడిగాను. "పెళ్ళికైతే ముందే రేటు మాట్టాడుకుంటాం సార్. సొంతూళ్ళో చావుకి పిలిస్తే మాత్రం రేటంటే వాళ్ళ మొకం మారిపోద్ది" అన్నాడు. పక్క ఊరికి పోతే కళాకారుడు, సొంత ఊళ్ళో పాలేరు. బస్సు టికెట్టు దూరంలో వృత్తి అర్థం మారుతోంది! మంచి కథకుడికి ఈ రెండు ఊళ్ళ మధ్య దారి చాలదా?

సాహిత్య విద్యార్థులకు మరో మాట. క్రీడాభిరామంలో ఓరుగంటి వీధిలో ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ ద్విపదలో పల్నాటి వీరుల్ని పాడుతుంది. వింటున్న కుర్రవాళ్ళు ఊగిపోతారు. మనం ద్విపదకు మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అని లెక్క చెప్పి ఊరుకుంటాం. ఆ గణాలు ఏ చేతి దెబ్బ మీద నిలిచాయో అడగం. యక్షగానంలో దరువంటే పాట, పల్లెలో దరువంటే దెబ్బ. పాటకు కర్తను వెతికాం, దెబ్బకు వెతకలేదు. బ్లూస్‌లోనూ అంతే. పాట హక్కు సొమ్ము మాట కట్టినవాడికి, రాగం కట్టినవాడికి వెళ్తుంది. దరువు కట్టినవాడికి దక్కేది ఆ పూట కూలి. చాపకూడు కథ పుట్టిన కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరారాధన జరుగుతుంది. ఆ కథను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు. 1982లో అమెరికన్ పండితుడు రోఘైర్ అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి పాటను ఆంగ్లంలోకి తెచ్చి, గాయకుడి పేరుతో సహా ప్రకటించాడు. పాడినవాడి పేరు అచ్చులోకి రావడానికి అంతకాలం పట్టింది.

ఇప్పుడు ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నది. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. యాభై ఏళ్ళు నిండాలి. ఇది మంచిదే, పోరాడి తెచ్చుకున్న గుర్తింపే. అయితే పదేళ్ళప్పుడు మంట దగ్గర కూర్చున్న పిల్లవాడు యాభై నిండేదాకా ఎవరి లెక్కలో ఉంటాడు? ఈలోగా పెళ్ళి ఊరేగింపులకు లారీల మీద సౌండు బాక్సులు వచ్చాయి. తోలు స్థానంలో కాచే పని లేని ఫైబరు డప్పులు వచ్చాయి. వానలోనూ మోగుతాయి, నిజమే. మంట వేసే పిల్లవాడికి మాత్రం మేళంలో ఇప్పుడు పని లేదు. వాణ్ణి బడిలో నిలపగలిగితే సంతోషమే. మా ఊళ్ళో అట్లాంటివాళ్ళు ఎక్కువమంది మిరప కోతలకు వెళ్తున్నారు.