గోడ మీది బొమ్మకు ఊరి మాట

నచ్చని సినిమా మధ్యలో లేచి రావచ్చు. రోజూ నడిచే దారిలో నిలబెట్టిన విగ్రహాన్ని తప్పించుకోలేం. చౌరస్తా విగ్రహమైనా, బస్టాండు గోడ చిత్రమైనా, వంతెన రూపమైనా జనాన్ని ముందే అడగాలనడం ఇందుకే. అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం కుదరనప్పుడు ఫోను, వాట్సాప్, ఆన్‌లైన్ ఓటు అక్కరకొస్తాయి.

తెలుగునాట ఇందుకు దగ్గరి ఉదాహరణ అమరావతి. శాసనసభ భవనానికి ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థ ఇచ్చిన నమూనాలపై 2017 డిసెంబరులో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు అడిగి, టవర్ రూపాన్ని ఖరారు చేసింది. 2025లో రాయపూడి, మూలపాడులను కలుపుతూ కృష్ణా నదిపై కట్టదలచిన వంతెనకూ రాజధాని అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఇలాగే ఓట్లు పెట్టింది. కూచిపూడి భంగిమను తలపించే నమూనా నెగ్గింది. మంచి పనే, కానీ సగం పని. వండిపెట్టిన కూరల్లో ఏది వడ్డించమంటారని అడిగారు తప్ప, ఏం వండాలని అడగలేదు.

తెలంగాణలో 2024లో రాష్ట్ర చిహ్నం మార్పు తలపెట్టగానే అందులోని కాకతీయ తోరణం, చార్మినార్ మాటేమిటని వివాదం రేగింది. జూన్ 2న జరగాల్సిన ఆవిష్కరణ వాయిదా పడింది. అదే ఏడాది డిసెంబరు 9న సచివాలయంలో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం ఆవిష్కరించారు: ఆకుపచ్చ చీర, చేతిలో కంకులు, తలపై కిరీటం లేదు. ఉద్యమకాలంలో నిర్మల్ ప్రాంతానికి చెందిన బి.వి.ఆర్. చారి మలిచిన తల్లి చేతిలో బతుకమ్మ ఉండేది. ఆ బతుకమ్మ ఏదన్న ప్రశ్న రూపం ఖరారయ్యాక ఊరూరా వినిపించింది. అది ముందే రావాల్సిన ప్రశ్న.

పెట్టాక అడిగితే ఏమవుతుందో న్యూయార్క్ చూసింది. శిల్పి రిచర్డ్ సెర్రా 1981లో ఒక ప్లాజాకు అడ్డంగా నిలిపిన ఉక్కు గోడ ‘టిల్టెడ్ ఆర్క్’పై 1985లో విచారణ జరిగింది. ఉంచాలన్నవారు 122 మంది, తీయాలన్నవారు 58 మంది. అయినా 1989లో తీసేశారు.

తెలంగాణలోని చెన్నూరు లాంటి ఊరికి దూరం నుంచే జరిగే సంప్రదింపు మరింత అవసరం. 2018లో మున్సిపాలిటీ అయిన ఈ ఊరి దగ్గర గోదావరి ఉత్తరవాహిని, 2027లో పుష్కరాలు. అక్కడి ఘాట్ గోడపై బొమ్మలు వేయించాలనుకుందాం. ఆ గోడ మీద హక్కున్నవాళ్లలో కొందరు సింగరేణి షిఫ్టులో ఉంటారు, కొందరు హైదరాబాద్‌లో, కొందరు గల్ఫ్‌లో. ఆదివారం పొద్దున 10 గంటలకు వీడియో మీటింగ్ పెడితే సౌదీలో అప్పుడు ఏడున్నర. పైగా అక్కడ పనిరోజు, సెలవు శుక్రవారం. టైము కలవనివాళ్లకు వాయిస్ మెసేజే మేలు. పత్తి ఏరి ఇంటికొచ్చిన అవ్వ టైపు చేయదు. మనవడు మైకు గుర్తు నొక్కి పట్టుకుంటే మాత్రం చెప్పాల్సింది చెప్తుంది. ఫోనే లేనివాళ్ల కోసం చాటింపు వేయించాలి, రేషన్ షాపు దగ్గర నమూనా అతికించాలి.

ప్రశ్న అడిగే తీరులోనే చాలా ఉంది. ‘ఏ బొమ్మ కావాలి?’ అంటే దేవుడి పేరో, నాయకుడి పేరో వస్తుంది. ‘పుష్కరాలకొచ్చే చుట్టానికి ముందుగా ఏం చూపిస్తరు?’ అంటే ఊరు బయటపడుతుంది: అగస్త్యేశ్వరాలయమో, నది మలుపో, ఇంకేదో. ఫోను తెరతో ఇంకో చిక్కుంది. 20 అడుగుల చిత్రం అందులో బొటనవేలంత కనబడుతుంది. అందుకే అసలు గోడ ముందు మనిషిని నిలబెట్టి ఫొటో తీసి, దాని మీద గీసి చూపించాలి. గ్రూపులో వందసార్లు రాసిన ఒక్కడి మాటను వందమంది మాటగా లెక్కేయకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు, అయినా జరిగేది అదే.

చివరికి ఏ సూచన తీసుకున్నారో, ఏది ఎందుకు పక్కన పెట్టారో, ఖర్చెంతో ఒక కాగితం మీద రాసి మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించాలి. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లకు ఊళ్లో కరువుండదు.