మందుసీసా మీది మాట

ప్రతి యింటిలోను ఒక మూల మందుల పెట్టె ఉండును. తాతగారి రక్తపోటు మాత్రలు, నాయనమ్మగారి కీళ్లనొప్పుల మాత్రలు, పిల్లల దగ్గుమందు, నిరుడు మిగిలిపోయి ఎందుకు తెచ్చినదో ఎవరికిని జ్ఞాపకము లేని సీసా ఒకటి, ఇవన్నియు అందులో కలిసిమెలిసి పడియుండును. రాత్రివేళ మసక వెలుతురులో, కళ్లజోడు చేతికి దొరకనప్పుడు, ఆ పెట్టెలో చేయిపెట్టిన పెద్దవారు సరియైన మందునే తీసికొందురని మనము ఏ ధైర్యముతో నిశ్చింతగా నిద్రించుచున్నాము? దానిమీది అక్షరములను నమ్మి. ఆ అక్షరములను ఎవరు కూర్చిరి, ఎవరు చదువుదురని తలచి కూర్చిరి అను ప్రశ్న మాత్రము మనకు సామాన్యముగా తోచదు.

ఆ ప్రశ్నను వేసికొనుట నేర్పెడి చదువు ఒకటి గలదు. దానికి గ్రాఫిక్ డిజైన్ అని పేరు. అక్షరము, బొమ్మ, రంగు, వీనినడుమ విడిచిన ఖాళీచోటు, ఈ నాలుగింటిని పొందికగా అమర్చి చూచువానికి విషయము ఇట్టే తెలియునట్లు చేయుట ఆ విద్యయొక్క పని. దానిని అభ్యసించు విద్యార్థి చేయు పనులను చూచినచో ఇతనికి ఒక నిలుకడ లేదా యని తోచును. ఒకనాడు పుస్తకపు అట్ట వేయును. మరునాడు ఆసుపత్రిలో దారిచూపు పలకలను గీయును. ఇంకొకనాడు బస్సుల వేళల పట్టికను తిరగవ్రాయును. ఒక్కొక్కప్పుడు ఒకే యక్షరముతో వారము దినములు కుస్తీ పట్టును. మన ‘ద’కును ‘ధ’కును, ‘ప’కును ‘ఫ’కును గల భేదము ఒక చిన్న గీత మాత్రమే గదా! అచ్చు మిక్కిలి సన్నమై సిరా కొంచెము పరచుకొన్నచో ఆ గీత కనబడకుండ పోవును. దానిని ఎట్లు నిలుపవలెనో తెలిసికొనుట అతని పాఠములలో ఒకటి.

ఈ పనులు వేరువేరుగా కనబడినను వీనికి మూలమైన దృష్టి ఒక్కటే. వాడెడివాడు ఎవడు? ఎచట, ఏ స్థితిలో వాడును? మన దేశమున ఈ దృష్టికి పునాది వేసినది ఒక చెంబు అన్నచో ఆశ్చర్యము కలుగవచ్చును. భారత ప్రభుత్వము కోరగా అమెరికా దేశస్థులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశమును దర్శించి 1958లో ఒక నివేదిక సమర్పించిరి. తాము చూచిన వస్తువులన్నిటిలో మన చెంబును వారు మిక్కిలి మెచ్చుకొనిరి. ఎంత నీరు పట్టవలెను, మోయునది తలమీదనా నడుముమీదనా, వంచినప్పుడు ధార ఎట్లు పడును, తోముట సులభమా, ఖరీదెంత, ఇట్టి ప్రశ్నలన్నిటికిని తరతరముల వాడుకయే ఆ రూపమున సమాధానము చెప్పినదని వారు వివరించిరి. ఈ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదునందు జాతీయ డిజైన్ సంస్థ వెలసెను. 2015 నుండి ఆంధ్రప్రదేశమునందును అట్టి జాతీయ సంస్థ యొకటి నడచుచున్నది.

చెంబును గురించి అడిగిన ప్రశ్నలనే మందుసీసాను గురించి అడిగిన విద్యార్థిని కథ ఇప్పుడు చెప్పెదను. ఆమె పేరు డెబొరా ఆడ్లర్. న్యూయార్కు నగరములోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ అను విద్యాలయమున ఆమె చదువుచుండగా వారి అవ్వ హెలెన్ పొరపాటున తాత హెర్మన్ వాడవలసిన మాత్రలను మ్రింగెను. ఆ దేశమున దుకాణదారుడు పెద్ద డబ్బాలోని మాత్రలను లెక్కపెట్టి, రోగి పేర ఒక చిన్న సీసాలో పోసి, దానికి చీటీ అంటించి ఇచ్చును. కావున ఒక యింటిలోని సీసాలన్నియు ఒకే రంగు, ఒకే రూపము కలిగియుండును. ఇచట మనుష్యుల పేర్లు కూడ ఒకే అక్షరముతో మొదలగుచున్నవి. ఇక పొరపాటు పడుటలో వింత యేమున్నది?

తప్పు అవ్వదని ఇంటివారు అనుకొనవచ్చును. మనుమరాలు సీసాను చేతబట్టి చూచెను. చీటీమీద అన్నిటికంటె పెద్ద అక్షరములలో ఉన్నది దుకాణము పేరు. మందు పేరు, దానిని వాడెడి విధము సన్నని అక్షరములలో ఎచటనో ఇరుకుకొని యున్నవి. సీసా గుండ్రని దగుటచే ఒక వాక్యము పూర్తిగా చదువుటకు దానిని త్రిప్పుచుండవలెను. రెండవ ప్రపంచ యుద్ధము నాటినుండి ఈ సీసా రూపము పెద్దగా మారనే లేదు. ఆమె 2002లో తన పట్టపరీక్షకు ఈ సీసానే విషయముగా గ్రహించెను.

ఆమె చేసిన మార్పులు వినుటకు అతి సామాన్యములు. సీసా ప్రక్కలను బల్లపరుపుగా చేసి చీటీ ఒకే చూపులో చదువుటకు వీలు కల్పించెను. మందు పేరు, మోతాదు, వాడెడి విధము చీటీ పైభాగమున పెద్ద అక్షరములలో నిలిపి, క్రింద ఒక గీత గీసి, వైద్యుని పేరు మొదలగు తక్కిన వివరములను ఆ గీతకు దిగువను ఉంచెను. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు కేటాయించి, ఆ రంగు పట్టీని సీసా మెడకు తగిలించు ఏర్పాటు చేసెను. తాతగారి రంగు ఒకటి, అవ్వగారి రంగు ఇంకొకటి. అక్షరము చదువకమునుపే చేయి ఆగును. టార్గెట్ అను పెద్ద దుకాణముల సంస్థ ఈ ఆలోచనను స్వీకరించగా, క్లాస్ రోజ్‌బర్గ్ అను వస్తురూపకర్త సహాయముతో సీసా తుదిరూపము పొంది 2005లో జనుల చేతికి వచ్చెను. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియము దానిని తన ప్రదర్శనలో ఉంచెను.

కథ ఇచట ముగిసినచో బాగుండెడిది. 2015లో టార్గెట్ సంస్థ తన మందుల దుకాణములను వేరొక సంస్థకు విక్రయించెను. ఆ పిదప ఈ సీసా వాడుకనుండి తొలగిపోయెను. దానికి అలవాటుపడిన వృద్ధులును, వారి బిడ్డలును ఎంతో చింతిల్లిరి. మంచి రూపమును కనుగొన్నంత మాత్రమున అది తనంతట తాను నిలువదు. దానిని అమ్మువారును, ఏలువారును, వాడువారును కావలెనని పట్టుబట్టినప్పుడే అది నిలుచును.

మన యిండ్లలోని మాట వేరు. మనకు మాత్రలు ఎక్కువగా రేకు పట్టీలలో వచ్చును. మందుపేరు తరచు ఇంగ్లీషులో ఉండును. నాలుగు మాత్రలు చాలునన్నచో దుకాణదారుడు పట్టీని కత్తిరించి ఇచ్చును. గడువు తేదీ ఉన్న ముక్క అతనియొద్దనే ఉండిపోవును. ఐనను మనవారును ఉపాయములు ఎరుగనివారు కారు. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అని తెలుగులో గడులు అచ్చువేసిన కాగితపు సంచులను మీరు చూచియే యుందురు. చదువురానివారు సయితము గుర్తించునట్లు ఉన్న ఎఱ్ఱగీతను చూచి, వైద్యుని చీటీ లేనిదే ఆ మందు వాడరాదని గ్రహింపుడని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారము చేసెను. ఆ గడులును, ఈ గీతయు గ్రాఫిక్ డిజైనే.

ఆ విద్య నేర్వనివారు కూడ ఇంటిలో చేయదగిన పని కొంత గలదు. ఒక్కొక్కరి మందులను వేరువేరు డబ్బాలలో ఉంచి, ఒక్కొక్క డబ్బాకు ఒక్కొక్క రంగు దారము చుట్టుడు. మందుపేరును, వేళను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపుడు. పట్టీనుండి మాత్రలు తీయునప్పుడు తేదీ ఉన్న కొసను చివరివరకు మిగుల్చుడు. పిదప ఇంటిలోని పెద్దవారిని పిలిచి, కళ్లజోడు లేకుండ తమ డబ్బా ఏదో చూపుమని అడుగుడు. వారు తడుముకొన్నచో తప్పు వారిది కాదు. మన వ్రాతను మరల సరిదిద్దవలెను.