సైకిలు అద్దె ఇచ్చిన మాస్టారు - సయ్యద్ అబ్దుల్ రహీమ్

2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు మన పిల్లలు చాలామంది “ఈ రహీమ్ సాహెబ్ నిజంగా ఉన్నారా?” అని అడిగారు. ఉన్నారు. మన పక్కనే, హైదరాబాద్‌లోనే ఉన్నారు. భారత ఫుట్‌బాల్‌కు రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన శిక్షకుడాయన. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన గురించి దాతలైన మీకు చెప్పడానికి మాకొక కారణం ఉంది. అది చివర మనవి చేస్తాం.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఉపాధ్యాయుడయ్యారు. స్థానిక లీగులో ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆటగాడిగా ఆయనకు దేశవ్యాప్తంగా పేరేమీ లేదు. పేరంతా నేర్పడంలోనే వచ్చింది.

1940లలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ ముందు దక్కన్ పోలీసుల జట్టును ఎవరు లెక్కచేస్తారు? ఆ పోలీసులే 1950 డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌ను ఓడించారు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచారు.

ఇది ఎలా సాధ్యమైంది? ఆయన పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. మన కుర్రవాడికి బంతి దొరికితే పదిమందిని దాటుకుని తానొక్కడే గోలు కొట్టాలని చూస్తాడు. రహీమ్ సాహెబ్ డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి ఇవ్వాల్సిందే. కుడికాలు వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని మరో రకం పోటీలు పెట్టారు. మొదటిది కలిసి ఆడడం నేర్పింది, రెండోది బలహీనతను సరిదిద్దింది. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4-2-4 వ్యూహాన్ని ఆయన అంతకు ముందే మన జట్టుతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్రకారులు రాశారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన శిక్షణలోని భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బతోనే ఇక్కడ బూట్లు తప్పనిసరి చేశారు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, తంగరాజ్, బలరామ్ వంటి హైదరాబాద్ ఆటగాళ్ళు ఎందరో ఉన్నారు.

ఇక జకార్తా, 1962. అప్పటికే రహీమ్ సాహెబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఆయన్ను కూర్చోబెట్టేవారు. చదువుకునే రోజుల్లో జర్నైల్ ఫార్వర్డుగా ఆడిన సంగతి తెలిసిన రహీమ్, ఆయన్ను ముందుకు పంపారు. ఆ రోజుల్లో రాజకీయ కారణాలతో అక్కడి జనం భారత్ మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా ఎగతాళి కేకలు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్ళీ ఇంతవరకు మనకు స్వర్ణం రాలేదు.

1963 జూన్ 11న రహీమ్ సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. ఆయన నేర్పిన చదువు మాత్రం ఆగలేదు. ఆయన నీడలో ఎదిగిన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. ఆ తరువాత కలకత్తా పెద్ద క్లబ్బులకు, భారత జట్టుకు శిక్షకుడై, 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన కారణానికి వద్దాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రవాడు ఉండేవాడు. ఆట చూసి రహీమ్ సాహెబ్ శిక్షణకు రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ వచ్చిపోవడానికి డబ్బు లేదన్నాడు ఆ అబ్బాయి. మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు. సైకిలు అద్దెకు డబ్బులిచ్చారు. ఆ అబ్బాయి రెండు ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా స్వర్ణం మెడలో వేసుకున్నాడు, అర్జున పురస్కారం పొందాడు. అబ్బాయి మతం ఏమిటి, మాతృభాష ఏమిటి అని మాస్టారు చూడలేదు. కాలిలోని ఆటను చూశారు.

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చదివేటప్పుడు మాకు ఈ సైకిలే గుర్తొస్తుంది. వన్‌టౌన్‌లోనైనా, బందరులోనైనా, గుడివాడలోనైనా పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా పెద్ద ఖర్చు దగ్గర కాదు. బస్సు పాసు దగ్గర, పరీక్ష ఫీజు దగ్గర, ఒక జత బూట్ల దగ్గర. పెద్ద ఖర్చుకు అందరూ చందాలు వేస్తారు. చిన్న ఖర్చు అడగడానికి పిల్లవాడికి మొహమాటం. అతను అడగకముందే గుర్తించే కన్ను రహీమ్ సాహెబ్‌కు ఉంది. మీ వీధిలో అటువంటి పిల్లవాడు కనబడితే, చందా పుస్తకం వచ్చేదాకా ఆగకండి. ఆ సైకిలు అద్దె మీరే ఇచ్చేయండి.