ఏ ఈగకు చేప వచ్చుచున్నది?

ఆ మధ్య మన బడి పిల్లలను నీలగిరులకు విహారయాత్రకు కొనిపోయితిమి. అచ్చటి చల్లని యేళ్లలో ట్రౌట్ అను చేప కలదనియు, అది ఈ దేశపు చేప కాదనియు, ఆంగ్లేయుల కాలమున తెచ్చి పెంచిరనియు, దానిని ఈగతో పట్టుట వారికి వేడుకయనియు చెప్పితిమి. వెంటనే ఒక బాలుడు, "మాస్టారూ, ఈగ గాలమునకు నిలుచునా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు బదులు వెదకుచు మేము కొన్ని పుస్తకములు తిరుగవేసితిమి. అందు చేపలను గూర్చి తెలిసినదానికంటె మనుష్యులను గూర్చి తెలిసినది ఎక్కువ. అందుచేతనే తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఆ ఈగ నిజమైన ఈగ కాదు. చిన్న గాలమునకు పక్షి యీకలు, వెండ్రుకలు, పట్టుదారము చుట్టి, నీటిపై వ్రాలు పురుగును పోలునట్లు కట్టిన బొమ్మ. మన చెరువు గట్టున గాలము వేయువాడు సీసపు గుండు బరువుతో ఎరను విసరును. ఈ బొమ్మకు బరువే లేదు. కావున దారమునకే బరువుండునట్లు చేసి, కర్రను వెనుకకును ముందునకును ఊపి, ఆ దారపు బరువుతో ఈగను నీటిపై మెల్లగ దింపుదురు. దీనినే ఫ్లై ఫిషింగ్ అందురు.

ట్రౌట్ సామాన్యముగ ప్రవాహమునకు ఎదురుగ తల పెట్టి, కొట్టుకొనివచ్చు పురుగులకై కాచియుండును. మేఫ్లై అను పురుగు నీటి అడుగున పిల్లగ పెరిగి, పైకి వచ్చి రెక్కలు తొడిగి, ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పెట్టి చచ్చును. రెక్కలు వచ్చిన పిమ్మట అది ఆహారమే తినదు. ఇట్టి పురుగులు గుంపుగ లేచు వేళ చేపలు వానినే తినుచు, తక్కినవానిని ముట్టకుండుట కలదు. ఉదయము పనికివచ్చిన ఈగ సాయంకాలమునకు పనికిరాకపోవచ్చును. కాబట్టి ఏటి గట్టున ఇద్దరు కలిసినపుడు మొదటి ప్రశ్న, "ఏ ఈగకు చేప వచ్చుచున్నది?" అనునదే.

ఆ ప్రశ్నకు దాచక బదులు చెప్పుట పెద్దమనిషి లక్షణమని వారి మర్యాద. ఈగ పేరు మాత్రమే చాలదు. గాలము సంఖ్య చెప్పవలెను. సంఖ్య పెరిగిన కొలది గాలము చిన్నదగును. రంగు చెప్పవలెను. అది నీటిపై తేలవలెనా, మునుగవలెనా, ఏ వేళకు చేప లేచినది, ఇవన్నియు చెప్పవలెను. తన పెట్టెలో రెండున్నచో ఒకటి తీసి చేతిలో పెట్టుట మరింత మేలు.

ఇట్లు చెప్పినవానికి నష్టమేమి? ఈగ తెలిసినంత మాత్రమున చేప దొరకదు. దారము నీటి వడికి లాగబడి ఈగ అసహజముగ జారినచో ట్రౌట్ దానిని నమ్మదు. ఆ నేర్పు ఎవనికి వాడు ఏండ్ల తరబడి సాధించుకొనవలసినదే. చెప్పినవాని నేర్పు చెప్పినందున తరుగదు.

అయితే అన్నియు చెప్పవలెనని కాదు. ఈగను చెప్పుట వేరు, చోటును చాటుట వేరు. చిన్న యేటిలో చేపలు కొలదిగనే యుండును. ఒక మిత్రుడు నమ్మి చూపిన మడుగును ఊరంతయు చాటినచో ఆ మడుగును చెడును, ఆ నమ్మకమును చెడును.

తక్కిన మర్యాదలకును ఇట్టి కారణములే కలవు. ముందుగ వచ్చినవానిదే ఆ చోటు. అతడు ఏటికి ఎదురుగ నడచుచు వేటాడుచున్నచో మనము అతని ముందు దిగరాదు. అతడు చేరబోవు చేపలను బెదరించినవారమగుదుము. గట్టున ధాటిగ నడచిన అదురు నీటిలోని చేపకు తెలియును గావున దూరముగ చుట్టి పోవలెను. విసరువాని వెనుక కూడ గాలము ఎగురుచుండును గనుక అతడు చూచి ఆగినపిమ్మటనే దాటవలెను. సాల్మన్ చేపల నదులలో పలువురు ఒకే మడుగున వేటాడునపుడు, పైనుండి ఒకరి వెనుక ఒకరు దిగి, విసరిన కొలది అడుగు ముందునకు వేయుచు పోవుదురు. ఒక్కడు నిలిచిపోయినచో వెనుకవారందరును ఆగవలసినదే.

ఇవి నిన్న మొన్నటి నియమములు కావు. 1496లో ఇంగ్లండున అచ్చయిన గాలపు వేట గ్రంథమొకటి పండ్రెండు ఈగలను వర్ణించుటయే కాక, పేదవాని నీటిలో అతని సెలవు లేక వేటాడవలదనియు, కంచెలు విరువవలదనియు, తలుపులు మూసి పొమ్మనియు, అత్యాశతో ఒకేమారు పెక్కు చేపలను పట్టవలదనియు బోధించినది. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమునకు 1676లో చార్లెస్ కాటన్ రెండవ భాగము చేర్చెను. అందు గృహస్థుడొకడు బాటసారిని ఇంటికి పిలిచి, ఏ నెలలో ఏ ఈగ పనికివచ్చునో వరుసగ చెప్పును. తన ఏటి రహస్యమని దాచుకొనలేదు.

ఇక మా మాట. కొన్ని ఏండ్ల క్రిందట పదవ తరగతి చదువు బాలిక యొకతె జబ్బుపడి రెండు నెలలు బడికి రాలేదు. మేము తరగతిలో చక్కగ వ్రాయు బాలుని గణితపు నోటుపుస్తకమును ఆమెకు ఇప్పించితిమి. మరునాడే ఆ బాలుని తండ్రి మా గదికి వచ్చి, "అయ్యా, మావాడు రాత్రులు మేలుకొని వ్రాసినది, పోటీకి వచ్చువారికి ఇచ్చుట ఎట్లు?" అనెను. ఆయన మాటలో దురుద్దేశము లేదు. కుమారునిపై ప్రేమయే కలదు. మేము నోరు మెదపక పుస్తకమును తెప్పించి ఇచ్చితిమి. ఆ ఏడు ఆ బాలిక గణితమున తప్పినది. పుస్తకము ఉన్నచో గెలిచెడిదని మేము చెప్పజాలము. కాని పుస్తకమును తిరిగి తెప్పించుట మా తప్పని మాత్రము చెప్పగలము.

ఈ రాష్ట్రమున తెలుగు మాధ్యమపు పిల్లలకు బజారున గైడు దొరకుట అరుదని మీకు తెలియును. మన బడిలో ఒక మంచి నోటుపుస్తకమే పదిమందికి గైడు. దానిని పెట్టెలో పెట్టి తాళము వేసినచో మనవంటి కొద్దిమందికి వేరొక గతి లేదు. లెక్క చేయు పద్ధతి ఈగ వంటిది, అడిగినవానికి చెప్పవలెను. పరీక్షలో జవాబు చూపుట మాత్రము కూడదు. అది ఈగను ఇచ్చుట కాదు, ఒకడు పట్టిన చేపను వేరొకని బుట్టలో వేయుట.

ఈ సంవత్సరము మొదలు ప్రతి తరగతిలో ఒక బీరువా అర ఖాళీ చేయించి, పిల్లల నోటుపుస్తకములు మూడు దినముల ఎరువుకు ఇచ్చి పుచ్చుకొను ఏర్పాటు చేయుచున్నాము. మీ పిల్లవాని పుస్తకము ఒక రాత్రి ఇంటికి రానిచో కోపింపకుడు. ఎవరింటనో ఒక దీపము క్రింద అది తెరచియున్నదని తలపుడు.