కంకి చూస్తే ఒకటే.. గింజలో బలం వేరు!

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ రోడ్ల పక్కన బొగ్గుల మీద బుట్టాలు కాలుతుంటాయి. ఏ మక్క కంకి తిన్నా ఒకటే అనుకుంటారు చాలామంది. కానీ విత్తన రకాన్ని బట్టి గింజలోని మాంసకృత్తులు, నూనె, విటమిన్లు మారిపోతాయి.

తేడా ఎంత?

అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1896లో ఒకే రకం మక్క కంకులు 163 తీసుకుని ప్రయోగం మొదలుపెట్టారు. నూనె ఎక్కువున్న గింజలు ఒక పక్క, తక్కువున్నవి మరో పక్క విత్తుతూ పోయారు. మొదట 5 శాతం కూడా లేని నూనె దాదాపు వంద తరాలకు ఒక వరుసలో 20 శాతం దాకా చేరింది. రెండో వరుసలో దాదాపు లేకుండా పోయింది.

మాంసకృత్తులు ఉంటే చాలదా?

చాలదు. మామూలు మక్కలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. వాటిని శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. మక్క మీదే బతికే ఇళ్లలో పిల్లల ఎదుగుదల దెబ్బతినేది ఇక్కడే.

1960ల్లో పర్డ్యూ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఓపేక్-2 అనే జన్యుమార్పు ఉన్న మక్కలో లైసిన్ చాలా ఎక్కువని గుర్తించారు. అయితే గింజ మెత్తన, దిగుబడి తక్కువ, పురుగు బెడద ఎక్కువ. మెక్సికోలోని సిమ్మిట్ సంస్థలో సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ల తరబడి శ్రమించి ఆ లోపాలు సరిదిద్దారు. ఇద్దరికీ 2000లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

మన దగ్గర ఉందా?

ఉంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ‘పూసా వివేక్ క్యూపీఎం-9 ఇంప్రూవ్డ్’ 2017లో విడుదలైంది. సిఫార్సు చేసిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. దీని మాంసకృత్తుల్లో లైసిన్ 2.67 శాతం. మామూలు హైబ్రిడ్లలో 1.5 నుంచి 2 శాతమే. శరీరంలో విటమిన్-ఎగా మారే పదార్థం కిలోకు 8 మిల్లీగ్రాములకు పైనే. మామూలు వాటిలో ఒకటి, రెండు మిల్లీగ్రాములే.

మరి చిక్కేంటి?

పక్క చేనులోని మామూలు మక్క పుప్పొడి వచ్చి పడితే ఆ గింజల్లో లైసిన్ తగ్గిపోతుంది. అందుకే చేను దూరంగా ఉండాలి. ఇక మార్కెట్ యార్డులో చూసేది తేమ, తూకమే. గింజలోని బలానికి అదనంగా పైసా రాకపోతే రైతు దిగుబడే చూసుకుంటాడు.

మన మక్కల్లో పెద్ద భాగం కోళ్ల దాణాకు పోతుంది. దాణా మిల్లులో లైసిన్ విడిగా కలుపుతారు. ఇంట్లో గటకకు కలిపేవారెవరూ లేరు. అందుకే మంచి విత్తనం చేతికొచ్చేదాకా మక్క గటక పక్కన పప్పో, గుడ్డో ఉండాల్సిందే.